ఫైళ్ళు ఎక్కువ సెలెక్ట్ చేస్తే రైట్ క్లిక్‌లో ప్రింట్ మాయం, మెనూ కూడా నిదానం

ద్వారకానగర్_జిరాక్స్
మాది ద్వారకానగర్‌లో జిరాక్స్, ప్రింటవుట్ల షాపు. కోచింగ్ సెంటర్ల పిల్లలే మా గిరాకీ. నోట్సు, పాత ప్రశ్నపత్రాలు పీడీఎఫ్‌లుగా తెస్తారు. ఒక్కొక్కరి దగ్గర పాతిక ముప్పై ఫైళ్ళుంటాయి. అన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, ప్రింట్ ఇచ్చేస్తే పని అయిపోవాలి. ఈమధ్య విండోస్ 11 ఉన్న సిస్టమ్ పెట్టాం. కాసిని ఫైళ్ళయితే కొత్త పొట్టి మెనూ అడుగున ఉండే షో మోర్ ఆప్షన్స్ (పాత మెనూ దీని వెనకే ఉంటుంది) లోపలికి వెళ్ళాక ప్రింట్ దొరుకుతోంది. ఎక్కువ సెలెక్ట్ చేస్తే అక్కడ కూడా ఉండటం లేదు. అదే ఫోల్డర్, అవే ఫైళ్ళు.

ఇది చాలదన్నట్టు రైట్ క్లిక్ కొట్టాక మెనూ రావడానికే నాలుగైదు సెకన్లు పడుతోంది. కౌంటర్ ముందు పిల్లలు హాల్ టికెట్ల కోసం నిలబడి ఉంటారు, ఇక్కడ స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతూ ఉంటుంది. ఎంత టెన్షనో చెప్పలేను. సిస్టమ్ బాగుచేసే అతను ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నాడు. ఫార్మాట్ లేకుండా దారి ఏదైనా ఉందా?

గాజువాక_గిరి
ఫార్మాట్ మాట అస్సలు వినకండి. మా ఏరియాలో కూడా అంతే, స్పీకర్ మోగకపోయినా ఫార్మాటే అంటారు.

కంచరపాలెం_కుర్రోడు
కరెంటు పోయినా ఫార్మాటే 😄

మధురవాడ_డెవ్
షాపు యజమాని గారూ, ఒక చిన్న పరీక్ష చేసి చెప్పండి. మొదట సరిగ్గా 15 ఫైళ్ళు సెలెక్ట్ చేసి మెనూ చూడండి. తర్వాత ఇంకొకటి కలిపి చూడండి.

ఇంకో విషయం. మెనూ ఆలస్యం ఎక్కడ వస్తోంది? ఫైల్ మీద కొడితేనా, ఫోల్డర్ మీద కొడితేనా, ఖాళీ చోట కొట్టినా అంతేనా?

ద్వారకానగర్_జిరాక్స్
చూశానండి. 15 వరకు ప్రింట్ ఉంది, 16వది కలపగానే పోయింది! ఆలస్యం మాత్రం ఫైల్ మీద కొడితేనే. ముఖ్యంగా పీడీఎఫ్‌ల మీద. ఖాళీ చోట కొడితే టక్కున వస్తోంది.

మధురవాడ_డెవ్
అయితే మీ సిస్టమ్‌కి రోగం ఏమీ లేదు. ఇవి రెండు వేరువేరు సంగతులు.

మొదటిది ప్రింట్ మాయం. విండోస్‌లో 15 దాటి ఫైళ్ళు సెలెక్ట్ చేస్తే ఓపెన్, ప్రింట్, ఎడిట్ ఈ మూడూ మెనూలోంచి కావాలనే తీసేస్తారు. ప్రింట్ అంటే ప్రతి ఫైలుకీ దాని ప్రోగ్రామ్‌ని పిలవడం. ఫొటోల ఫోల్డర్ మొత్తం సెలెక్ట్ అయి ఉండగా ఎవరి చెయ్యో ఓపెన్ మీద పడితే వందల విండోలు తెరుచుకుని మెషీన్ బిగుసుకుపోతుంది. అది జరగకూడదని 15 దగ్గర గీత గీశారు.

ఆ గీతని జరపొచ్చు. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు. రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, ఎక్స్‌ప్లోరర్ వరకు వెళ్ళండి. అక్కడ మల్టిపుల్‌ఇన్వోక్‌ప్రాంప్ట్‌మినిమమ్ అనే పేరుతో కొత్త డీవర్డ్ (అంకె దాచే రకం) విలువ తయారు చేయాలి. పేరు మధ్యలో ఖాళీలు ఉండకూడదు. స్పెల్లింగ్‌తో స్క్రీన్‌షాట్ మీకు విడిగా పంపాను. విలువ వేసేటప్పుడు డెసిమల్ (మన మామూలు పదుల లెక్క) పెట్టుకోండి, లేకపోతే అది పదహార్ల లెక్కలో చదువుతుంది, మీరు 100 అని వేస్తే సిస్టమ్ దాన్ని 256 అనుకుంటుంది. 16 మాత్రం వేయకండి. ఆ అంకె వేస్తే అసలు పరిమితే లేదని అర్థం. మీ షాపుకి 50 చాలు.

రెండోది, మెనూ ఆలస్యం. దాని గురించి సాయంత్రం రాస్తాను, మీటింగ్ ఉంది.

డీటీపీ_సూరిబాబు
ఈ 15 లెక్క విండోస్ 11తో వచ్చింది కాదు. విండోస్ 7లోనూ ఉంది, 10లోనూ ఉంది. డాబాగార్డెన్స్‌లో పెళ్ళి కార్డులు, కరపత్రాలు వేసేవాళ్ళం అప్పటినుంచీ చూస్తున్నాం. కొత్త సిస్టమ్‌ని తిట్టుకోనక్కర్లేదు.

గాజువాక_గిరి
సూరిబాబు గారూ, ఉంటే ఉండొచ్చు. కానీ ఎందుకు తీసేశారో ఒక్క ముక్క అక్కడ రాసి ఉంటే ఈయనకి ఇంత అవస్థ ఉండేదా? "15 కంటే ఎక్కువ ఎంచారు, అందుకే లేదు" అని బూడిద రంగులో చూపిస్తే సరిపోయేది. ఉన్నది కనపడకుండా పోతే మనిషి తన చెయ్యిదే తప్పు అనుకుంటాడు. నాకు నచ్చనిది అదే.

మధురవాడ_డెవ్
గిరి అన్నతో ఈ విషయంలో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తాను.

పోర్టు_పేపర్లు
లిమిట్ పెంచేముందు ఒక మాట. మాది హార్బర్ దగ్గర కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు. ఒక్కో షిప్‌మెంట్‌కి షిప్పింగ్ బిల్లు, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, ఇలా కట్టలు కట్టలు ప్రింట్ తీస్తాం. వరస తప్పితే మళ్ళీ కూర్చుని పేర్చుకోవాలి.

అన్నీ సెలెక్ట్ చేశాక మీరు ఏ ఫైల్ మీద రైట్ క్లిక్ కొడతారో అది ముందుకు వెళ్తుంది. చాలామంది సెలెక్ట్ చేసుకుంటూ కిందికి వచ్చి చివరి ఫైల్ మీద కొడతారు, ఆఖరి పేజీలు మొదట వస్తాయి. కాబట్టి మొదటి ఫైల్ మీదే కొట్టండి. అప్పుడు కూడా చిన్న ఫైల్ పెద్ద ఫైల్‌ని దాటి ముందు రాదని గ్యారంటీ లేదు. వరస ముఖ్యం అయినప్పుడు మేము అన్నింటినీ ఒక పీడీఎఫ్‌గా కలిపేసి ఒకేసారి ప్రింట్ ఇస్తాం. మీ పిల్లల నోట్సుకి కూడా అదే మేలు.

ద్వారకానగర్_జిరాక్స్
అందుకా చాప్టర్ 12 ముందొచ్చి 1 తర్వాత వచ్చేది! పిల్లలు నన్ను అడుగుతారు, నేను ప్రింటర్‌ని అనుమానించాను. 50 పెట్టానండి, 27 ఫైళ్ళకి ప్రింట్ వచ్చింది. డెవ్ గారికి, పోర్టు గారికి చాలా థ్యాంక్స్. ఇక ఆ ఆలస్యం సంగతి చూడాలి.

రామ్‌నగర్_రిపేర్
మౌస్ కూడా ఒకసారి మార్చి చూడండి. బీచ్ రోడ్ వైపు షాపుల్లో ఉప్పు గాలికి లోపలి స్విచ్ తుప్పు పడుతుంది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు వెళ్తుంది. మెనూ వచ్చి వెంటనే పోవడమో, వేరే చోట తెరుచుకోవడమో జరుగుతుంది.

ద్వారకానగర్_జిరాక్స్
మౌస్ కొత్తదేనండి. పైగా ఖాళీ చోట బాగానే వస్తోంది కదా.

రామ్‌నగర్_రిపేర్
అయితే మౌస్ కాదు.

ఎంవీపీ_మాధవి
పాత మెనూ తెచ్చేసుకోండి, ఈ గొడవంతా ఉండదు. రిజిస్ట్రీలో 86తో మొదలయ్యే ఒక పొడుగాటి కోడ్ కింద ఖాళీ విలువతో ఒక కీ పెట్టి, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చేస్తే షో మోర్ ఆప్షన్స్ అనే మెట్టే ఉండదు. ఏది నొక్కినా నేరుగా పాత మెనూ. మా ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్ మొత్తానికి నేనే చేసిపెట్టాను. రోజంతా ఫైళ్ళతో పనిచేసేవాళ్ళకి ఆ ఒక్క అదనపు క్లిక్ ఎంత విసుగో చేసేవాళ్ళకే తెలుస్తుంది.

మధురవాడ_డెవ్
మాధవి గారూ, ఈయన విషయంలో దానివల్ల ఆలస్యం తగ్గదు, పెరుగుతుంది కూడా. ఎందుకో, సాయంత్రం రాస్తానన్న వివరణతో కలిపి ఇక్కడే చెబుతాను.

మీరు ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తారు. అది తన పేరు రైట్ క్లిక్ మెనూలో పెట్టుకోవాలంటే ఒక చిన్న ప్రోగ్రామ్ ముక్కని ఎక్స్‌ప్లోరర్‌కి తగిలిస్తుంది. దాన్ని షెల్ ఎక్స్‌టెన్షన్ అంటారు. పాత పద్ధతిలో ఆ ముక్క ఎక్స్‌ప్లోరర్ లోపలే నడుస్తుంది. మీరు రైట్ క్లిక్ కొట్టిన ప్రతిసారీ ఎక్స్‌ప్లోరర్ ఒక్కొక్క ముక్కనీ పిలిచి "ఈ ఫైల్‌కి నీ దగ్గర ఏమైనా ఉందా" అని అడుగుతుంది. అందరూ జవాబు చెప్పాకే మెనూ బయటికి వస్తుంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర షేర్ ఆటోలో ఒక్కరు చిల్లర వెతుక్కుంటూ ఉంటే లోపల అందరూ ఆగినట్టు, ఒక్క ముక్క జవాబు ఆలస్యం చేస్తే మొత్తం మెనూ ఆగుతుంది. అది కుప్పకూలితే ఎక్స్‌ప్లోరర్ కూడా కూలుతుంది. టాస్క్‌బార్ మాయమై మళ్ళీ రావడం చూసే ఉంటారు.

2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు మెనూ మార్చడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. కొత్త మెనూలోకి రావాలంటే సాఫ్ట్‌వేర్ కొత్త పద్ధతిలో రాసి ఉండాలి, తానెవరో సిస్టమ్‌కి గుర్తింపు కూడా చూపించాలి. అలా రాయని పాతవన్నీ షో మోర్ ఆప్షన్స్ వెనక ఉండిపోతాయి. ఈ ఏర్పాటుని నేను సమర్థిస్తాను. అక్కడ చెత్త పేరుకుపోయిందన్నది నిజం.

ఇప్పుడు పని. షెల్‌ఎక్స్‌వ్యూ అనే ఉచిత టూల్ దించుకోండి. ఇన్‌స్టాల్ అవసరం లేదు. తెరిస్తే జాబితా వస్తుంది, విండోస్‌వి కానివి గులాబీ రంగులో కనిపిస్తాయి. రకం అనే కాలమ్‌లో కాంటెక్స్ట్ మెనూ అని ఉన్న గులాబీ వరసల్లో సగం ఎంచి ఎఫ్7 నొక్కి ఆపండి, ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టి చూడండి. ఆలస్యం పోతే దొంగ ఆ సగంలో ఉన్నాడు. పోకపోతే మిగతా సగంలో. అలా సగం సగం చేసుకుంటూ వెళ్తే త్వరగా దొరుకుతాడు. తిరిగి పెట్టడానికి ఎఫ్8. దేన్నీ తొలగించడం లేదు కాబట్టి భయపడక్కర్లేదు. గులాబీ కానివాటి జోలికి మాత్రం వెళ్ళకండి.

గాజువాక_గిరి
ఇంత ఓపిగ్గా ఎవరు చెబుతారండీ ఈ రోజుల్లో. సేవ్ చేసుకున్నాను.

పోర్టు_పేపర్లు
డెవ్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మా ఆఫీసులో ఇదే ఆలస్యం వస్తే కారణం ఎక్స్‌టెన్షన్ కాదు. లోపలి గదిలో సిస్టమ్ ఫోల్డర్‌ని అందరి మెషీన్లలో జెడ్ డ్రైవ్‌గా పెట్టి ఉంచారు. ఆ సిస్టమ్ ఆఫ్‌లో ఉన్న రోజున ఎక్స్‌ప్లోరర్ దానికోసం ఎదురుచూస్తూ ప్రతి చోటా నత్తనడకే. ఆ డ్రైవ్‌ని డిస్‌కనెక్ట్ చేస్తే మామూలైంది. షాపులో రెండో సిస్టమ్ ఉంటే ఇది కూడా చూడండి.

ద్వారకానగర్_జిరాక్స్
దొరికింది! పీడీఎఫ్‌లు కలపడానికి, కన్వర్ట్ చేయడానికి ఎప్పుడో ట్రయల్‌గా వేసిన ఒక సాఫ్ట్‌వేర్. ట్రయల్ గడువు అయిపోయింది, మెనూలో దాని ముక్క మాత్రం ఉండిపోయింది. దాన్ని ఆపగానే పీడీఎఫ్ మీద కూడా మెనూ వెంటనే వస్తోంది. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేశాను.

మధురవాడ_డెవ్
చాలా సంతోషం. గడువు అయిపోయినవి ఇలా చేయడం మామూలే. లైసెన్స్ ఉందా లేదా అని నెట్‌లో అడుగుతూ కూర్చుంటాయి కొన్ని.

ఎంవీపీ_మాధవి
ఆలస్యం విషయంలో ఒప్పుకుంటాను డెవ్ గారూ. కానీ "చెత్త పేరుకుపోయింది, అందుకే వెనక్కి నెట్టాం" అన్నది నాకు మింగుడు పడదు. చెత్త ఏదో, పనికొచ్చేది ఏదో తేల్చుకునే హక్కు నాది. మా అకౌంట్స్ వాళ్ళకి జిప్ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ ఆప్షన్ రోజూ కావాలి. అది వెనక ఉంది. వాళ్ళు ఎప్పుడూ ముట్టుకోని షేర్ బొమ్మ ముందు ఉంది. నేను మార్చుకోవడానికి సెట్టింగ్స్‌లో ఒక్క చోటు ఇచ్చి ఉంటే రిజిస్ట్రీలోకి చెయ్యి పెట్టాల్సిన అవసరమే లేదు.

మధురవాడ_డెవ్
ఆ సెట్టింగ్ ఉండాల్సిందే. అందులో వాదన లేదు. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు మీ కిటుకు పనిచేయకపోవచ్చు, అంతే నా భయం. అప్పటిదాకా షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ కొడితే పాత మెనూ నేరుగా వస్తుంది, రిజిస్ట్రీతో పనిలేదు.

ఎంవీపీ_మాధవి
షిఫ్ట్ సంగతి మావాళ్ళకి చెప్పాను. ఒక చెయ్యి ఎప్పుడూ కాలిక్యులేటర్ మీద, ఓచర్ల మీద ఉంటుంది వాళ్ళకి.

పోర్టు_పేపర్లు
మెనూ పైన వరసగా ఉండే బొమ్మల మీద నాకు ఇంతకంటే పెద్ద ఫిర్యాదు ఉంది. కట్, కాపీ, రీనేమ్, షేర్, డిలీట్. షేర్ పక్కనే డిలీట్! పైగా ఆ వరస ఎప్పుడూ ఒక చోట ఉండదు. స్క్రీన్ అడుగున ఉన్న ఫైల్ మీద కొడితే మెనూ పైకి తెరుచుకుంటుంది, అప్పుడు బొమ్మల వరస కిందికి వస్తుంది. మౌస్‌కి దగ్గరగా ఉండాలని అలా చేశారట. కానీ చేతికి అలవాటయ్యేది చోటు. చోటు మారితే అలవాటు ఎక్కడ కుదురుతుంది?

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్ళు సర్వర్ ఫోల్డర్‌లోనే పనిచేస్తారు. అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది: నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ చేసిన ఫైల్ మీ రీసైకిల్ బిన్‌లోకి రాదు. పెన్‌డ్రైవ్ కూడా అంతే. పోయిందంటే పోయినట్టే, బ్యాకప్ ఉంటే తప్ప. అక్కడ "శాశ్వతంగా తీసేయమంటారా" అని అడుగుతుంది గానీ చదవకుండా ఎంటర్ కొట్టే చేతులే ఎక్కువ.

డీటీపీ_సూరిబాబు
2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 అనే విండోస్ 11 అప్‌డేట్ నుంచి ఆ బొమ్మల కింద పేర్లు కూడా వేస్తున్నారు. కొంత నయం. సొంత డ్రైవ్‌లో కూడా భయం ఉన్నవాళ్ళు రీసైకిల్ బిన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డిలీట్ చేసేముందు అడగమనే గడికి టిక్కు పెట్టుకోండి. మామూలుగా అది ఖాళీగా ఉంటుంది.

ఇంకొకటి. మా దగ్గర ఫైళ్ళు పోయేది డిలీట్ వల్ల తక్కువ, లాగడం వల్ల ఎక్కువ. ఎడమ బటన్‌తో లాగితే అదే డ్రైవ్‌లో అయితే మూవ్ అవుతుంది, వేరే డ్రైవ్‌కి అయితే కాపీ అవుతుంది. ఇది తెలియక "కార్డు డిజైన్ పోయింది సార్" అని గాభరా. నేను నేర్పేది కుడి బటన్‌తో లాగమని. ఫైల్‌ని కుడి బటన్‌తో పట్టుకుని లాగి వదలండి. కాపీ చేయాలా, మూవ్ చేయాలా, షార్ట్‌కట్ పెట్టాలా, లేక వద్దా అని ఒక చిన్న మెనూ అడుగుతుంది. ఎప్పటినుంచో ఉన్న సౌకర్యం ఇది. వాడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కంచరపాలెం_కుర్రోడు
కుడి బటన్‌తో లాగొచ్చని ఇప్పుడే తెలిసింది! ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్‌కి వచ్చాను, ఏ ల్యాబ్‌లోనూ చెప్పలేదు. గురువుగారికి ఒక ఫిల్టర్ కాఫీ నా బాకీ.

డీటీపీ_సూరిబాబు
పరీక్షలు అయ్యాక రా బాబూ, షాపు పొద్దున తొమ్మిదికి తీస్తాను.

వినికిడి_వేగం
ఈ చర్చలో నా వైపు నుంచి కూడా చెప్పాలి. నాకు చూపు లేదు, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను. నాకు రైట్ క్లిక్ అంటే కీబోర్డు మీద మెనూ కీ, లేదా షిఫ్ట్‌తో ఎఫ్10. విండోస్ 10 వరకు ఈ రెండూ ఒకటే. 11లో మెనూ కీ కొడితే కొత్త మెనూ, షిఫ్ట్ ఎఫ్10 కొడితే పాత మెనూ. మాధవి గారికి కావాల్సిన పాత మెనూ ఇలా కూడా దొరుకుతుంది.

పాత మెనూలో అక్షరాలు నా వేళ్ళకి వచ్చేశాయి. ఎం కొడితే రీనేమ్. ఆర్ కొడితే ప్రాపర్టీస్. ఖాళీ చోట డబ్ల్యూ, ఎఫ్ కొడితే కొత్త ఫోల్డర్. చదివించుకుంటూ ఒక్కో వరస దిగే పని లేదు. 2021లో కొత్త మెనూ వచ్చినప్పుడు ఈ అక్షరాల సదుపాయమే లేదు. చూపున్నవాళ్ళకి బొమ్మలు మారాయి, మాకు మొత్తం దారి మూసుకుపోయింది. తర్వాతి అప్‌డేట్లలో అక్షరాలు తిరిగి వచ్చాయి, అది మెచ్చుకోవాలి. కానీ ముందే మమ్మల్ని అడిగి ఉంటే ఆ మధ్యకాలం ఉండేది కాదు.

మెనూ ఎలా మారినా మారనివి కొన్ని ఉన్నాయి. ఎఫ్2 రీనేమ్. ఆల్ట్ ఎంటర్ ప్రాపర్టీస్. కంట్రోల్ షిఫ్ట్ ఎన్ కొత్త ఫోల్డర్. విండోస్ 11లో కంట్రోల్ షిఫ్ట్ సీ కొడితే ఫైల్ పూర్తి చిరునామా కాపీ అవుతుంది. చూపున్నవాళ్ళు కూడా ఇవి నేర్చుకుంటే సగం పనికి మెనూయే అక్కర్లేదు.

ల్యాప్‌టాప్ కొనేవాళ్ళకి ఒక మనవి. 2024 నుంచి వస్తున్న చాలా మోడళ్ళలో మెనూ కీ ఉండాల్సిన చోట కోపైలట్ (మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడు) కీ పెడుతున్నారు. నాలాంటివాళ్ళ కోసం కొంటుంటే కీబోర్డు చూసి కొనండి. షిఫ్ట్ ఎఫ్10 ఉందిగా అంటారు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్10కి ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి, మూడు వేళ్ళ పని అవుతుంది.

గాజువాక_గిరి
ఈ థ్రెడ్‌లో నాకు బాగా ఉపయోగపడిన పోస్ట్ ఇది. మా చెల్లెలి కొడుక్కి ల్యాప్‌టాప్ చూస్తున్నాం, వాడికి కూడా చూపు చాలా తక్కువ. ఈ కీ సంగతి షాపువాళ్ళు ఎవరూ చెప్పలేదు.

వినికిడి_వేగం
బాబుకి ఎన్‌వీడీఏ మొదలుపెట్టడంలో సాయం కావాలంటే మెసేజ్ పెట్టండి. పవర్‌టాయ్స్ అనే ఉచిత టూల్‌తో ఒక కీని మెనూ కీగా మార్చుకోవచ్చు, అది కూడా చెబుతాను.

లినక్సు_లావణ్య
మాధవి గారు అడిగిన సెట్టింగ్, విండోస్‌కి బదులు వాడుకునే లినక్స్‌లో ఎప్పటినుంచో ఉంది. మింట్ అనే లినక్స్ రకంలో నీమో ఫైల్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో కాంటెక్స్ట్ మెనూస్ అనే పేజీయే ఉంది. ఏ వరస కావాలో టిక్కు పెట్టుకోవడమే. కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో డాల్ఫిన్ ఫైల్ మేనేజర్‌కి కూడా ఉంది. థూనార్ అనే ఇంకో ఫైల్ మేనేజర్‌లో అయితే కస్టమ్ యాక్షన్స్ అని సొంత వరసలు రాసుకోవచ్చు. ఫొటోలు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌లో "సైజు తగ్గించు" అని నేను రాసుకున్నదే రోజూ వాడతాను, అప్లికేషన్లకి ఫొటో చిన్నది అడుగుతారు కదా.

ఎంవీపీ_మాధవి
చూశారా, సాధ్యమేనన్నమాట!

రామ్‌నగర్_రిపేర్
లావణ్య గారూ, లినక్స్‌ని పొగిడేముందు ఒకటి చెప్పండి. పాత సిస్టమ్‌లు తెచ్చేవాళ్ళకి నేను మింట్ వేసి ఇస్తున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది, వాళ్ళ మెషీన్లు 11కి సరిపోవు. అక్కయ్యపాలెంలో ఒక పెద్దాయనకి వేసి ఇచ్చాను, ఆయనకి చెయ్యి కొంచెం వణుకుతుంది. రైట్ క్లిక్ కొట్టగానే ఏదో ఒకటి తనంతట తానే తెరుచుకుంటోందని ఫోన్. వెళ్ళి పక్కన కూర్చుని చూశాను. ఆయన కుడి బటన్ నొక్కుతున్నారు, మెనూ వస్తోంది, వేలు ఎత్తేలోపు మౌస్ కాస్త జరుగుతోంది, వేలు ఎత్తగానే ఆ బాణం కింద ఉన్న వరస పట్టేస్తోంది. విండోస్‌లో ఆయనకి ఇది ఎప్పుడూ రాలేదు.

మధురవాడ_డెవ్
మీరు సరిగ్గా పట్టుకున్నారు. విండోస్‌లో బటన్ వదిలినప్పుడు మెనూ తెరుచుకుంటుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో నొక్కగానే తెరుచుకుంటుంది. నొక్కి పట్టుకుని, కావాల్సిన వరస మీదికి జారి, వదిలితే పని అయిపోవాలని అలా పెట్టారు. చెయ్యి నిలకడగా ఉన్నవాళ్ళకి అది వేగం, లేనివాళ్ళకి ఇబ్బంది. ప్రోగ్రామర్లకి ఇది పాత తలనొప్పి. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో మెనూ రాసేవాళ్ళు నొక్కినప్పుడూ, వదిలినప్పుడూ రెండు చోట్లా చూసుకోవాలని జావా డాక్యుమెంటేషన్‌లోనే ఉంటుంది.

లినక్సు_లావణ్య
ఇది నిజమైన లోపమే, ఒప్పుకోవాలి. ఆ పెద్దాయన చేత ముందు ఎడమ బటన్‌తో ఫైల్‌ని ఒకసారి సెలెక్ట్ చేయించి, తర్వాత కీబోర్డు మీద మెనూ కీ నొక్కించండి. వరస ఎంచుకోవడం బాణం కీలతో. వేగం గారు చెప్పిన దారే ఆయనకీ హాయి. మౌస్ సెట్టింగ్స్‌లో బాణం వేగం తగ్గించినా కొంత నయం.

రామ్‌నగర్_రిపేర్
పాత కీబోర్డు కాబట్టి మెనూ కీ ఉంది. రేపు అటు వెళ్ళినప్పుడు చూపిస్తాను.

కంచరపాలెం_కుర్రోడు
లావణ్య అక్కా, నాదో ప్రశ్న. ఉబుంటు అనే లినక్స్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ కొడితే న్యూ ఫోల్డర్ ఒక్కటే ఉంది. విండోస్‌లోలా కొత్త టెక్స్ట్ ఫైల్, కొత్త వర్డ్ ఫైల్ రావడం లేదు.

లినక్సు_లావణ్య
నీ హోమ్ ఫోల్డర్‌లో టెంప్లేట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అది ఖాళీగా ఉన్నంతవరకు ఆ వరస రాదు. అందులో ఒక ఖాళీ టెక్స్ట్ ఫైల్ పెట్టి చూడు. న్యూ డాక్యుమెంట్ అని వరస వస్తుంది.

కంచరపాలెం_కుర్రోడు
వచ్చింది అక్కా!! లిబ్రే ఆఫీస్ ఖాళీ ఫైల్ కూడా పెట్టాను, అది కూడా వచ్చింది.

డీటీపీ_సూరిబాబు
లావణ్యమ్మా, ఖాళీ ఫైల్ కాకుండా లెటర్‌హెడ్ తయారుగా ఉన్న ఫైల్ పెడితే?

లినక్సు_లావణ్య
పెట్టొచ్చు సూరిబాబు గారూ. ఏ ఫైల్ పెడితే దాని నకలే తయారవుతుంది. మీ కస్టమర్ల లెటర్‌హెడ్‌లు ఒక్కొక్కటీ ఒక్కో పేరుతో పెట్టుకోండి. టెంప్లేట్స్ లోపల సబ్‌ఫోల్డర్లు చేస్తే మెనూలో కూడా అలాగే విడివిడిగా వస్తాయి. పెళ్ళి కార్డులు ఒక వైపు, బిల్లు పుస్తకాలు ఒక వైపు.